పాల మాంసకృత్తులు పొదుగులో ఎట్లు తయారగును?



పత్తి డబ్బు ఏడాదికొకసారి చేతికి వచ్చును. వడ్ల డబ్బు పంట పంటకు వచ్చును. పాల డబ్బు మాత్రము పదిహేను దినములకొకసారి వచ్చి ఇంటి ఖర్చులను, పిల్లల చదువులను ఆదుకొనును. అందుచేతనే వానలు ఎగవేసిన ఏడు కూడ వరంగల్లు ప్రాంతపు రైతు తన బర్రెను అమ్ముకొనుటకు వెనుకాడును.

ఈ పాల డబ్బు లీటర్ల మీదనే ఆధారపడి యుండదు. పాలకేంద్రమున వెన్న శాతమును, వెన్న గాక మిగిలిన ఘనపదార్థముల శాతమును చూచి ధర కట్టుదురు. ఈ రెండవ లెక్కలో మాంసకృత్తులు ముఖ్య భాగము. పాలు పలుచబడి, ఘనపదార్థముల శాతము తగ్గినప్పుడు రైతు సాధారణముగ రెండు పనులలో ఒకటి చేయును. ఇంకొక కిలో చెక్క కొని తెచ్చి పెట్టును; లేదా ఎవరో చెప్పిరని పాలు పితుకుటకు ముందు సూది వేయించును. మొదటి పని సగము మాత్రమే సరియైనది. రెండవది పూర్తిగా తప్పు. ఇది ఎందుకో తెలియవలెనన్న, మేతలోని మాంసకృత్తులు పాలలోనికి ఏ దారిన వచ్చుచున్నవో, ఆ దారిలోని తలుపులను ఎవరు తీయుచున్నారో తెలిసికొనవలెను.

పాలలో ఉన్నదేమి?

గేదె పాలను నూరు పాళ్లుగా విభజించినచో అందులో సుమారు 82 లేక 83 పాళ్లు నీరు, 7 పాళ్లు వెన్న, 5 పాళ్లు పాలచక్కెర, 4 పాళ్లు మాంసకృత్తులు, మిగిలినది ఖనిజ లవణములు. మాంసకృత్తులలో అయిదింట నాలుగు వంతులు కేసీన్ అను పదార్థము. పాలు విరిగినప్పుడు ముద్దగా వచ్చునది ఇదియే. పెరుగు గట్టిగా తోడుకొనుట కూడ దీని వలననే.

రోజునకు 8 లీటర్ల పాలిచ్చు గేదెను తీసికొనుడు. ఆ పాలలో సుమారు 320 గ్రాముల మాంసకృత్తులు ఉండును. ఒక కోడిగ్రుడ్డులో ఉండునవి సుమారు 6 గ్రాములు. అనగా ఆ గేదె పొదుగు ప్రతిదినము యాభై గ్రుడ్లకు సరిపడు మాంసకృత్తులను తయారుచేయుచున్నది. నెలల తరబడి ఈ పని ఆగదు. ఇంతటి పనిచేయు అవయవమునకు సరకు ఎక్కడి నుండి వచ్చును?

ఆమినో ఆమ్లములు అను ఇటుకలు

మాంసకృత్తులన్నియు ఆమినో ఆమ్లములు అను చిన్న చిన్న పదార్థముల గొలుసులు. ఇవి 20 రకములు. యాభై ఆరు అక్షరములతో తెలుగులోని మాటలన్నియు ఏర్పడినట్లు, ఈ ఇరువది రకములు వేర్వేరు వరుసలలో కూర్చబడి కండలు, వెంట్రుకలు, కొమ్ములు, కేసీన్ అన్నియు ఏర్పడుచున్నవి.

ఇందులో దాదాపు సగము రకములను పశువు తన శరీరములోనే తయారుచేసికొనగలదు. మిగిలిన సగము బయటి నుండి రావలసినదే. లైసీన్, మిథియోనీన్, హిస్టిడీన్, ల్యూసీన్ మొదలగునవి ఈ రెండవ జాతికి చెందినవి. ఇక్కడ ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. గోడ కట్టుటలో ఒక రకపు ఇటుక అయిపోయినచో మేస్త్రీ మరియొక రకముతో సరిపెట్టుకొనవచ్చును. కేసీన్ కట్టుటలో అట్లు కుదరదు. గొలుసులో మిథియోనీన్ రావలసిన చోట మిథియోనీనే రావలెను. అది లేనిచో మిగిలిన పందొమ్మిది రకములు ఎంత ఉన్నను పని మందగించును. మిగిలిపోయినవి కాలేయములో విరిగి, యూరియాగా మారి, మూత్రములో పోవును. డబ్బు పెట్టి కొన్న చెక్క దొడ్డిలో పారినట్లే.

పొదుగు సంచి కాదు, కార్ఖానా

పొదుగు పాలు నిలువయుండు సంచి అని చాలమంది అనుకొందురు. అది నిలువ సంచి కాదు. పొదుగు లోపల ద్రాక్షగుత్తుల వలె కోట్లకొలది సూక్ష్మమైన తిత్తులు గలవు. ప్రతి తిత్తి లోపలి గోడ ఒకే వరుసగా పేర్చిన పాలకణములతో ఏర్పడినది. తిత్తి బయట వెంట్రుక కంటె సన్నని రక్తనాళములు వలవలె అల్లుకొని యుండును. పాలకణమునకు ఒక వైపు రక్తము, రెండవ వైపు పాలు. సరకు రక్తము వైపు నుండి లోనికి వచ్చును. తయారైన పాలు తిత్తి లోనికి దిగును.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి సమీపమున బాబ్రహాము పరిశోధనా సంస్థలో లిన్‌జెల్ అను శాస్త్రజ్ఞుడు 1950, 1960 దశకములలో మేకల పొదుగుకు పోవు రక్తమును, పొదుగు నుండి తిరిగి వచ్చు రక్తమును పోల్చి చూచెను. లోనికి పోవు రక్తములో ఉన్న ఆమినో ఆమ్లములు తిరిగి వచ్చు రక్తములో తగ్గియుండును. ఆ తగ్గినది పొదుగు తీసికొన్నదన్నమాట. ఈ విధమైన ప్రయోగముల వలన రెండు గొప్ప విషయములు తెలిసినవి.

మొదటిది: ఒక లీటరు పాలు తయారగుటకు పొదుగు గుండ సుమారు 400 నుండి 500 లీటర్ల రక్తము పారవలెను. 8 లీటర్ల పాలకు ఈ లెక్కన 3,200 నుండి 4,000 లీటర్లు. శరీరములో ఉన్న రక్తమే మరల మరల తిరిగి వచ్చుచుండును గాని, మొత్తము పారుదలను చూచినచో ఎండకాలమున ఊరిలోనికి నీళ్లు తెచ్చు ట్రాక్టరు ట్యాంకరుకు దగ్గరగ ఉండును.

రెండవది: మిథియోనీన్, హిస్టిడీన్ వంటి కొన్నింటిని పొదుగు తనకు పాలలో ఎంత కావలెనో దాదాపు అంతే తీసికొనును. వాటిలో మిగులు లేదు. లైసీన్, ల్యూసీన్ వంటి వాటిని కావలసిన దానికంటె ఎక్కువ తీసికొని, ఆ అదనముతో తక్కువపడిన వేరే రకములను తయారుచేసికొనును. కాబట్టి పొదుగు వచ్చినదానిని వచ్చినట్లు వడపోయు జల్లెడ కాదు. ఎంచుకొని తీసికొనును, మార్చుకొనును.

కణము తలుపుల వద్ద మోట

పాలకణము చుట్టు నూనె వంటి పలుచని పొర యుండును. ఆమినో ఆమ్లములు దానిగుండ వాటంతట అవి పోలేవు. ఆ పొరలో అక్కడక్కడ తలుపుల వంటి మోపరులు గలవు. ఒక్కొక్క మోపరి కొన్ని రకముల ఆమినో ఆమ్లములను మాత్రమే గుర్తించి లోనికి చేర్చును. పైగా రక్తములో కంటె కణము లోపల ఆమినో ఆమ్లములు ఎక్కువ చిక్కగా ఉండుట సాధారణము. అనగా పల్లము నుండి మెరకకు నీరు ఎక్కించవలసి నట్లు పనిచేయవలెను. శక్తి ఖర్చు కాకుండ ఇది జరుగదు.

మన పెద్దలు మోటబావిని ఎరుగుదురు. ఎడ్లు ఏటవాలుగ నున్న బాటలో క్రిందికి నడచును. ఆ బరువుకు బావిలోని బాన పైకి వచ్చును. పాలకణములో ఇదే పద్ధతి నడచుచున్నది. ఉప్పులో నుండు సోడియము కణము వెలుపల ఎక్కువగా, లోపల తక్కువగా ఉండును. అది పల్లమునకు దిగు ఎద్దువలె లోనికి దిగుచు, తనతోపాటు ఆమినో ఆమ్లమును లోనికి లాగుకొని వచ్చును. ఎడ్లను మరల వెనుకకు నడిపించకున్న మోట ఆగును గదా! అట్లే లోనికి వచ్చిన సోడియమును కణము మరల బయటికి తోడివేయవలెను. ఈ తోడివేతకు కావలసిన బలము మేతలోని పిండిపదార్థముల వంటి శక్తినిచ్చు పదార్థముల నుండి రావలెను.

రెండవ పద్ధతి మార్పిడి. వడ్లు ఇచ్చి ఉప్పు తీసికొన్నట్లు, కణము తనవద్ద ఎక్కువగ నున్న ఒక ఆమినో ఆమ్లమును బయటికి ఇచ్చి, తక్కువగ నున్న ల్యూసీన్ వంటి దానిని లోనికి తెచ్చుకొనును. ఈ మార్పిడికి పెట్టుబడి మొదటి మోట ద్వారా వచ్చినదే. కావున శక్తి తగ్గినచో మోటయు ఆగును, మార్పిడియు తగ్గును.

సరకు లోనికి వచ్చుటతో ఖర్చు ముగియదు. ఆమినో ఆమ్లములను ఒకదానికొకటి కూర్చి కేసీన్ గొలుసు చేయుటకు ఇంకను శక్తి కావలెను. ఈ పాఠములో రైతు మరువకూడని మాట ఇదియే: ఒట్టి చెక్క ఇటుక మాత్రమే, మోట తోలుటకు మక్కలు, తవుడు, పచ్చిమేత కూడ కావలెను.

హార్మోనులు - చెరువు తూము వద్ద నీరటి

పాకాల, రామప్ప వంటి కాకతీయుల చెరువుల క్రింద సేద్యము చేసిన గ్రామములలో తూము ఎప్పుడు తీయవలెనో, ఏ మడికి ఎంత నీరు పోవలెనో చూచుటకు నీరటి యుండెడివాడు. చెరువు నిండియున్నను నీరటి తూము తీయనిదే మడి తడవదు. శరీరములో ఈ నీరటి పని చేయునవి హార్మోనులు. వినాళగ్రంథులు వీటిని అతి స్వల్పముగా రక్తములోనికి వదలును. అవి పొదుగునకు చేరి పాలకణములకు ఆజ్ఞలిచ్చును.

చూడి కాలమున ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అను హార్మోనులు పొదుగులోని నాళములను, తిత్తులను పెంచును. అయితే ప్రొజెస్టిరోన్ ఎక్కువగా నున్నంతకాలము పాల తయారీకి తూము మూసియుండును. ఈనుటకు ముందు అది ఒక్కసారిగ తగ్గును. అప్పుడు తూము తెరచుకొనును, జున్నుపాలు దిగును.

మెదడు అడుగున చిన్న గింజవలె నుండు పీయూషగ్రంథి నుండి ప్రొలాక్టిన్ వచ్చును. క్లోమము నుండి ఇన్సులిన్, అధివృక్క గ్రంథి నుండి కార్టిసోల్ వచ్చును. చిట్టెలుకల పొదుగు ముక్కలను ప్రయోగశాలలో పెంచి చూచినప్పుడు ఈ మూడును కలిసి యున్నప్పుడే కేసీన్ తయారీ సరిగ జరిగినది. ప్రొలాక్టిన్ చేరినప్పుడు కణములు ఆమినో ఆమ్లములను లోనికి తీసికొనుట కూడ పెరిగినది. అనగా హార్మోను కార్ఖానాను నడిపించుటయే గాక, సరకు వచ్చు తలుపులను కూడ పెంచుచున్నది. ఆవు వంటి పెద్ద పశువులలో పాడి నిలద్రొక్కుకొన్న తరువాత పీయూషగ్రంథి నుండియే వచ్చు పెరుగుదల హార్మోను కూడ పెద్ద పాత్ర వహించును. అది శరీరములోని ఆహార పదార్థములను పొదుగు వైపు మళ్లించును.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున 1990 దశకములో పాడి ఆవులపై ఒక ఆసక్తికరమైన ప్రయోగము జరిగినది. ఆవు రక్తములో చక్కెర పడిపోకుండ గ్లూకోజు ఎక్కించుచు, కొన్ని దినములు ఇన్సులినును హెచ్చుగ నుంచిరి. పాలలోని మాంసకృత్తుల దిగుబడి పెరిగినది. దానితోపాటు ఆవు కడుపులోనికి కేసీన్ కూడ అందించినప్పుడు ఆ పెరుగుదల ఇంకను హెచ్చినది. రైతు తన పశువునకు ఇన్సులిన్ ఇయ్యవలెనని దీని అర్థము కాదు. అట్లు చేసినచో పశువు ప్రాణమునకే ముప్పు. దీని అర్థము వేరు. శక్తినిచ్చు మేత బాగుగ తిన్న పశువు తన ఇన్సులినును తానే పెంచుకొనును. అప్పుడు పొదుగు తలుపులు తెరచుకొనును. ఆ సమయమున మంచి మాంసకృత్తులు రక్తములో సిద్ధముగ నుండవలెను. తూము, నీరు రెండును ఒకేసారి కుదిరినప్పుడే మడి పండును.

చేపుట వేరు, పాలు తయారగుట వేరు

ఇంతవరకు చెప్పినది పాల తయారీ. తయారైన పాలు తిత్తులలోనే నిలిచియుండును. గేదెలో ఈ లక్షణము మరియు ఎక్కువ. ఆవు పొదుగులో అయిదవ వంతు పాలు చన్నుల పైనున్న ఖాళీలోనికి ముందుగనే దిగియుండును. గేదెలో అట్లు దిగియుండునవి చాల తక్కువ. మిగిలినదంతయు గేదె చేపితేనే వచ్చును.

దూడ మూతి పెట్టినప్పుడు గాని, పొదుగు కడిగి నిమిరినప్పుడు గాని ఆ స్పర్శ మెదడునకు చేరును. పీయూషగ్రంథి నుండి ఆక్సిటోసిన్ అను హార్మోను రక్తములోనికి వచ్చును. అది ప్రతి తిత్తి చుట్టునున్న కండర కణములను బిగించును. పిడికిలిలో పండు నొక్కినట్లు పాలు నాళములలోనికి దూకును. ఈ ఆక్సిటోసిన్ తొమ్మిది ఆమినో ఆమ్లముల చిన్న గొలుసు మాత్రమే. విన్సెంట్ డు విగ్నో అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని 1953లో ప్రయోగశాలలో తయారుచేసెను. 1955లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అప్పటి నుండి అది సీసాలలో దొరుకుచున్నది. కాన్పు సమయమున తల్లులకు, పశువులకు వైద్యులు దీనిని ఉపయోగించి ఎన్నో ప్రాణములు కాపాడుచున్నారు.

అయితే పాడి గేదెకు పూట పూటకు ఈ సూది వేయుట ఏమి చేయును? ఆక్సిటోసిన్ తయారైన పాలను బయటికి త్రోయును. ఆ 8 లీటర్ల పాలకు కావలసిన 320 గ్రాముల మాంసకృత్తులకు అది ఇటుకలనియ్యదు. ఇటుకలు మేత నుండియే రావలెను. పైగా ప్రతిదినము బయటి నుండి హార్మోను వచ్చుచున్న పశువు కొంతకాలమునకు తన హార్మోనుతో తాను చేపుట తగ్గించివేయును. అప్పుడు సూది లేనిదే పాలు రావు. అలవాటు పడినది గేదె మాత్రమే కాదు, రైతు కూడ.

చట్టము సంగతి కూడ తెలిసికొనుడు. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టములోని 12వ సెక్షను ప్రకారము, పాలు పెంచుటకై పశువు ఆరోగ్యమునకు హాని కలుగునట్లు ఏ పదార్థమునైనను సూది ద్వారా ఎక్కించుట శిక్షార్హమైన నేరము. జరిమానాయు, రెండేండ్ల వరకు జైలుశిక్షయు విధింపవచ్చును. పశువును ప్రభుత్వము స్వాధీనము చేసికొనవచ్చును. ఆక్సిటోసిన్ వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన మందు. సంతలలో పేరులేని సీసాలలో అమ్ముదానిని కొనరాదు.

సూది లేకుండ చేపించు పద్ధతులు

సూదికి మూలము తరచు దూడ చావు. దూడ చచ్చిన గేదె చేపదు, రైతు సూదికి పోవును. కావున మొదటి మందు దూడను బ్రతికించుట. పుట్టిన గంట రెండు గంటలలోపల జున్నుపాలు త్రాగించవలెను. దూడ బరువులో పదవ వంతు చొప్పున రోజునకు పాలు ఇయ్యవలెను. మొదటి వారములోనే నులిపురుగుల మందు గురించి పశువైద్యుని అడుగవలెను.

పితుకుటకు ముందు గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, ఒక నిముషము నిమరవలెను. దాణాలో కొంత భాగమును పితుకు వేళకే తొట్టిలో వేయవలెను. ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే చోట పితుకవలెను. గేదెకు ఈ గుర్తులే దూడ లేని లోటు తీర్చును. చేపిన తరువాత ఆ ప్రభావము కొద్ది నిముషములే యుండును. కావున చన్ను పట్టిన తరువాత మాటలలో పడక అయిదారు నిముషములలో ముగించవలెను.

కొట్టుట, అరచుట, కుక్కలు, కొత్త మనుషులు పనికిరావు. పశువు బెదరినప్పుడు అడ్రినలిన్ అను హార్మోను వచ్చి పాలు దిగకుండ అడ్డుకొనును. పొదుగులో పాలు మిగిల్చుట కూడ నష్టమే. తిత్తులు నిండియున్నచో పాలకణములు తమ పని తగ్గించుకొనును. పూర్తిగ పితికిన పొదుగే మరల నిండును.

మేతలో ఇటుకలు ఎక్కడ?

నెమరువేయు పశువు మొదటి పొట్టలో లెక్కలేని సూక్ష్మజీవులు గలవు. మేతలోని మాంసకృత్తులను అవి ముందుగ విరిచి, తమ శరీరములుగ మార్చుకొనును. తరువాత ఆ సూక్ష్మజీవులే పేగులలో జీర్ణమై పశువునకు ఆమినో ఆమ్లములనిచ్చును. పేగులకు చేరు ఆమినో ఆమ్లములలో సగమునకు పైగ సాధారణముగ ఈ విధముగ వచ్చునవే. వీటిలో రకముల పాళ్లు కూడ పాలకు బాగుగ సరిపోవును. సూక్ష్మజీవులు పెరుగుటకు నత్రజనియు, శక్తియు రెండును ఒకే పూట అందవలెను.

మన ప్రాంతమున వరిగడ్డి సమృద్ధి. కాని అందులో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. కావున గడ్డి కడుపు నింపును గాని పొదుగు నింపదు. పల్లిచెక్కలో నూటికి 40 పాళ్లకు పైబడి మాంసకృత్తులు గలవు. అయితే అందులో ఎక్కువ భాగము మొదటి పొట్టలోనే త్వరగ కరగిపోవును. పత్తిచెక్క సంగతి వేరు. పొట్టుతో ఆడిన పత్తిచెక్కలో నూటికి 22 పాళ్లే యున్నను, అది పొట్టలో నెమ్మదిగ కరుగును. అందులో ఎక్కువ పాలు విరుగకుండ నేరుగ పేగులకు చేరి అక్కడ ఆమినో ఆమ్లములుగ మారును. ఎనుమాముల మార్కెట్టుకు బండ్లకొలది పత్తి తెచ్చు రైతు, ఆ పత్తిగింజ చెక్కను తన దొడ్డికి తిరిగి తెచ్చుకొనుట తెలివైన పని. త్వరగ కరుగు చెక్క సూక్ష్మజీవులకు, నెమ్మదిగ కరుగు చెక్క పొదుగునకు అని గుర్తుంచుకొని, రెండును కలిపి వాడవలెను.

ఇంటి వద్ద కలుపుకొనదగిన దాణా, నూరు కిలోలకు:

మక్కల నూక - 33 కిలోలు
పత్తిచెక్క - 25 కిలోలు
పల్లిచెక్క - 15 కిలోలు
తవుడు - 24 కిలోలు
ఖనిజ లవణ మిశ్రమము - 2 కిలోలు
ఉప్పు - 1 కిలో

ఇందులో మాంసకృత్తులు నూటికి సుమారు 18 పాళ్లు వచ్చును. గేదె శరీర పోషణకు 2 కిలోలు, ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున ఇయ్యవలెను. 8 లీటర్ల గేదెకు ఈ లెక్కన రోజునకు 6 కిలోలు. దీనిని రెండు మూడు పూటలుగ పంచవలెను. దీనితోపాటు 20 కిలోల పచ్చిమేత, 5 కిలోల గడ్డి పెట్టవచ్చును. పచ్చిమేతలో మూడవ వంతు అలసంద, పిల్లిపెసర, లూసర్ను, దశరథగడ్డి వంటి కాయజాతి మేతలైనచో దాణాను కొంత తగ్గించుకొనవచ్చును. బోరు క్రింద అయిదారు గుంటలలో ఇట్టి మేత వేసికొన్న రైతునకు చెక్క ఖర్చు కలిసివచ్చును.

ఇంత పెట్టినను, మేతలోని మాంసకృత్తులలో నాలుగింట ఒక వంతో, అయిదింట ఒక వంతో మాత్రమే పాలలోనికి వచ్చును. మిగిలినది శరీర పోషణకు, పేడకు, మూత్రమునకు పోవును. కావుననే ఉన్నదానిని వృథా చేయకుండుట ముఖ్యము. పాలు తగ్గినవని ఒక్క చెక్కనే రెట్టింపు చేసి మక్కలను మానివేసినచో, పెరుగునది మూత్రములోని యూరియా మాత్రమే.

జాగ్రత్తలు

బూజు పట్టిన పల్లిచెక్కను ఎంత చౌకగ వచ్చినను పెట్టరాదు. బూజు నుండి పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము పశువు కాలేయమును చెరచి, మారురూపమున పాలలోనికి కూడ దిగును. ఆ పాలు మన పిల్లలే త్రాగుదురు.

పత్తిచెక్కలో గాసిపోల్ అను పదార్థము గలదు. పెద్ద పశువుల మొదటి పొట్ట దానిని చాలవరకు విరిచివేయగలదు. ఇంకను నెమరువేయుట సరిగ నేర్వని చిన్నదూడలకు పత్తిచెక్క పెట్టరాదు.

మేతను ఒక్కరోజులో మార్చరాదు. పొట్టలోని సూక్ష్మజీవులు అలవాటు పడుటకు పది దినములు పట్టును. కొత్త దాణాను కొద్దికొద్దిగ పెంచవలెను.

ఏప్రిలు, మే నెలలలో వరంగల్లు ఎండకు గేదె మేత తగ్గించును. నల్లని చర్మము, తక్కువ చెమట గ్రంథులు గల గేదెకు ఎండ బాధ హెచ్చు. మేత తగ్గినచో ఇటుకలును, మోట బలమును రెండును తగ్గును. చెరువులో పొర్లనియ్యవలెను, చెరువు ఎండినచో మధ్యాహ్నము రెండు మూడు మార్లు నీళ్లు చల్లవలెను. దాణాను ఉదయము, రాత్రి చల్లని వేళలకు మార్చవలెను. త్రాగుటకు నీరు ఎల్లవేళల తొట్టిలో నుండవలెను.

ఈనుటకు రెండు నెలల ముందు పాలు పితుకుట మానవలెను. ఈ విశ్రాంతిలో పాత పాలకణములు పోయి కొత్తవి ఏర్పడును. ఈ రెండు నెలల పాలకు ఆశపడిన రైతు తరువాతి ఈతలో అంతకు మించి పోగొట్టుకొనును.

గ్రామాధికారులకు ఒక మాట

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణ అధికారులు, గోపాలమిత్రలు ఈ విషయమును పాలకేంద్రముల వద్ద చెప్పినచో ఎక్కువ మందికి చేరును. పాలు పోయుటకు వచ్చు వారిలో స్త్రీలే ఎక్కువ. దూడను, పొదుగును, తొట్టిని చూచుకొనువారు కూడ వారే. భీమదేవరపల్లి మండలములోని ముల్కనూరు మహిళలు 2002లో తమ సహకార డెయిరీని నెలకొల్పి, 'స్వకృషి' పేరున పాలు అమ్ముచుండుట మన హనుమకొండ జిల్లాలోనే యున్న నిదర్శనము. పాల లెక్క తెలిసిన స్త్రీకి పొదుగు లెక్క చెప్పుట కష్టము కాదు. వరంగల్లు సమీపమున మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన పశువైద్య కళాశాల గలదు. సందేహములున్నచో అక్కడి నిపుణులను గాని, మండల పశువైద్యుని గాని అడుగవలెను. సూది సీసాలు రహస్యముగ అమ్మువారి సంగతి తెలిసినచో అధికారులకు తెలియజేయుట మన బాధ్యత.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. పాల మాంసకృత్తులు రక్తములోని ఆమినో ఆమ్లములతో పొదుగులో తయారగును. వాటికి మూలము మేత.

2. ఆమినో ఆమ్లములు పాలకణములోనికి ఎక్కుటకు శక్తి కావలెను. చెక్కతోపాటు మక్కలు, తవుడు, పచ్చిమేత ఇయ్యవలెను.

3. పొదుగు తలుపులను తీయునవి పశువు స్వంత హార్మోనులు. మంచి మేత, చల్లని నీడ, బెదురులేని కొట్టము, వేళ తప్పని పితుకుట - వాటిని పనిచేయించునవి ఇవియే.

4. ఆక్సిటోసిన్ సూది పాలను పుట్టించదు. అది వైద్యుని చేతిలో మందు. పాలవాని చేతిలో నేరము.

5. దూడను బ్రతికించిన రైతునకు సూదితో పనియుండదు.

ఈ రాత్రి దాణా కలుపునప్పుడు ఒక్కమారు లెక్క చూచుకొనుడు. మీ గేదె ఎన్ని లీటర్లు ఇచ్చుచున్నది, ఎన్ని కిలోల దాణా తినుచున్నది, అందులో మక్కలు ఎంత, చెక్క ఎంత? ఆ లెక్కను గోడమీద బొగ్గుతో వ్రాసి, మేత సరిదిద్ది, పదిహేను దినముల తరువాత వచ్చు పాలచీటీతో పోల్చి చూడుడు.